పచ్చదీపం మీద అనుమానం

ఆవిడకు ఎందుకమ్మ అని పేరు పెట్టింది మేనమామ. మాటలు వచ్చిన దగ్గర్నుంచి "ఎందుకు?" అనడం తప్ప ఇంకో పని పెట్టుకోలేదట. గోడ గడియారం ఎందుకు తిరుగుతోందో చూద్దామని విప్పి, దాన్ని శాశ్వతంగా తిరక్కుండా చేసిన ఘనత కూడా ఆవిడదే. పెళ్లయ్యాక ఆ పేరు అత్తగారి చెవిన పడింది. ఆఫీసుకు ఎవరు మోసుకెళ్లారో మాత్రం ఎవరూ ఒప్పుకోరు. అందరి అనుమానమూ మొగుడి మీదే.

ఆ ఆఫీసులో ఆసుపత్రి మంచాల పక్కన నిలబడి, మందును చుక్కచుక్కగా రోగి నరంలోకి పంపే పంపుకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. ప్రోగ్రామర్లు తలా ఒక ముక్క రాస్తారు. ఆ ముక్కలన్నీ కలిపి, పంపులోకి ఎక్కించగలిగే ఒక్క వస్తువుగా చేసే పనిని బిల్డ్ అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండటం ఎందుకమ్మ ఉద్యోగం. రాసిన కోడ్‌లో తప్పులున్నాయేమో వెతికే తనిఖీలు కూడా ఆవిడ చేతిలోనివే.

ఒకప్పుడు ఆ తనిఖీలు బిల్డ్ చివర జరిగేవి. పొద్దున మొదలెట్టింది మధ్యాహ్నం దాకా సాగి, హమ్మయ్య అనుకునే వేళకు తప్పు దొరికిందంటూ గోడమీది తెర ఎర్రబడేది. దిద్దుకుని మళ్లీ మొదటికి రావాలి. ప్రోగ్రామర్లకు ఒళ్లు మండి, తనిఖీని దాటేసే దొడ్డిదారి కనిపెట్టారు. చివరికి మేనేజర్ తేల్చేశాడు.

"చూడండమ్మా, ఇవి త్వరగా తెమిలేలా చేస్తారా సరే. లేదంటే తీసేద్దాం. విడుదలకు ముందు ఎవరో ఒకరు కళ్లతో చూసుకుంటార్లే."

ఎందుకమ్మ లోలోపల లెక్క వేసుకుంది. అన్ని వేల వరుసలు కళ్లతో చూసే మహానుభావుడెవరు? తనిఖీలు పోతే ఏ తప్పు ఏ మంచం పక్కకు చేరుతుందో చెప్పేవాళ్లుండరు.

ఇక ఆవిడకు ఒకటే ధ్యాస పట్టుకుంది: మనుషులు దేన్ని ఎప్పుడు సరిచూసుకుంటారు? మొగుడు తలుపు తాళం వేసి, మెట్లన్నీ దిగాక పొయ్యి కట్టేశానా అని గుర్తుచేసుకుంటాడు. ఆ మనిషి నుంచి నేర్చుకునేదేమీ లేదని తేలిపోయింది. అత్తగారు వరండాలో కుట్టుమిషన్ ముందు ఉంది.

"అత్తయ్యా, మీరు కొలతలు ఎప్పుడు సరిచూస్తారు?"

"కత్తెర పెట్టకముందు. పెట్టాక చూసి ఏడవనా? అది సరే, ఆఫీసుకు టైమవలేదూ నీకు?"

అంతే. మర్నాడే తనిఖీలన్నీ బిల్డ్ మొదటికి జరిపేసింది. టీ చల్లారేలోపు ఎరుపో పచ్చో తేలిపోతోంది. దొడ్డిదారి మూతపడింది. మేనేజర్ అందరి ముందూ చప్పట్లు కొట్టాడు. ఎందుకమ్మకు ఆ సాయంత్రం నేలమీద కాళ్లు ఆనలేదు.

అయినా పురుగు తొలుస్తూనే ఉంది. చేతిరాత కోడ్‌లో అప్పుడప్పుడూ తప్పులు దొరుకుతున్నాయి, బాగానే ఉంది. మందు మోతాదుల దగ్గర మాత్రం అంతా పచ్చే. ఇదివరకు ఎక్కువ తప్పులు దొరికింది అక్కడే కదా, ఉన్నట్టుండి ఇంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చింది?

మోతాదుల పట్టిక చూసే కుర్రాణ్ణి ఆఫీసంతా పట్టికబాబు అంటుంది. అతని పక్కకు కుర్చీ లాక్కుంది.

"తమ్ముడూ, కావాలని ఒక తప్పు పెట్టు."

"గెలిచాం కదక్కా, మళ్లీ ఎందుకు కెలుకుతావు?"

"పెట్టవయ్యా బాబూ!"

అతను ఒక అంకెలో దశాంశ చుక్కను పక్కకు జరిపాడు. మోతాదు పదింతలైంది. తనిఖీ నడిచింది. తెర నిశ్చింతగా పచ్చగా వెలిగింది.

ఎందుకమ్మ బిల్డ్‌ను మొదటినుంచీ విప్పి చూసింది. తవ్వగా తవ్వగా తన నిర్వాకమే బయటపడింది. మోతాదుల కోడ్‌ను మనుషులు రాయరు. బిల్డ్ మధ్యలో యంత్రమే పట్టిక చదివి రాసుకుంటుంది. తనిఖీని మొదటికి జరిపాక, అది నడిచే వేళకు ఆ ఫైళ్లు ఇంకా పుట్టనే పుట్టవు. లేవని అది మొరాయిస్తుంటే, నోరు మూయించడానికి పాత బిల్డ్‌లోంచి ఒక నకలు తెచ్చి పెట్టింది ఎందుకమ్మే. అప్పట్నుంచీ అది ఆ పాత ఫైళ్లనే చదివి శభాష్ అంటోంది. అత్తగారి కత్తెర మాట అబద్ధం కాదు. కాకపోతే ఇక్కడ సగం బట్ట నేత పూర్తికాకముందే కొలతలు చూసేసింది కోడలు.

ఆ మార్పు తర్వాత మొదటి విడుదల ఆసుపత్రికి వెళ్లేది ఆ మధ్యాహ్నమే. చెబితే మళ్లీ ఆలస్యం, తనిఖీలే పీకేస్తారేమోనన్న భయం. పైగా పరువు. ఎందుకమ్మ లేచి మేనేజర్ గదికి వెళ్లింది.

"మోతాదుల తనిఖీ పనిచెయ్యట్లేదండీ. తప్పు నాదే."

"ఎప్పట్నుంచి?"

"మీరు చప్పట్లు కొట్టిన రోజు నుంచి."

ఆయన ముఖం మాడిపోయింది. ఎందుకమ్మ ఆగలేదు. "చేతిరాత కోడ్‌ను మొదట్లోనే చూద్దాం. యంత్రం రాసేదాన్ని అది రాసిన మరుక్షణం, అన్నీ కలిపి మూట కట్టకముందు చూద్దాం. రెండూ ఒకేసారి చూడాలనుకోవడమే నా పొరపాటు."

"అంటే మళ్లీ లేటు."

"కొంచెం లేటే. ఇవాళ్టి విడుదల మీద ఒక్కసారి నడిపి చూపిస్తాను. ఏమీ దొరక్కపోతే మీ ఇష్టం."

పట్టికబాబు తను జరిపిన చుక్కను వెనక్కి పెట్టేశాడు. ఎందుకమ్మ పాత నకలు చెరిపేసి, తనిఖీని కొత్త చోట పెట్టి బిల్డ్ మొదలుపెట్టింది. మేనేజర్ గడియారం చూసుకుంటూ తెర ముందు నిలబడ్డాడు. తెర ఎర్రబడింది.

"నీ చుక్క వెనక్కి పెట్టలేదా?" అంది ఎందుకమ్మ.

పట్టికబాబు తెర దగ్గరగా వంగి ఆ వరుస చదివాడు.

"పెట్టేశానక్కా. ఇది వేరే వరుస. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలది."

విడుదల ఇవాళ రాదని చెప్పడానికి మేనేజర్ ఫోన్ తీసి ఆసుపత్రి నంబరు నొక్కాడు.