చెప్పి వచ్చినవాళ్లకు పరిచే దుప్పటి

రండి బిడ్డా, గోడకు ఆనుకొని దగ్గరగా కూర్చోండి. ఆ తలుపు జర ఓరగా వేయండి, గాలికి ఈ వాసన పోతుంది. ఇందాక మా మనుమరాలు పాత సందుగ తెరిస్తే గుప్పుమని వట్టివేళ్ల వాసన వచ్చింది. "ఏం వాసన నానమ్మా, వాన పడ్డట్టున్నది" అన్నది. నాకు వాన గుర్తుకు రాలేదు, దవాఖాన గుర్తుకొచ్చింది. దవాఖానలో ఫినాయిలు వాసన ఉంటుంది గానీ వట్టివేళ్లెక్కడివి అంటారా? అది చెప్పాలంటే ముందు మా కొమురవ్వను మీకు చూపించాలి.

నాకు పెండ్లయి వరంగల్ వచ్చిన కొత్తలో, మట్టెవాడలో ఆమె ఇంటి వెనక అర్రలో కిరాయికి ఉండేవాళ్లం. ఆంధ్ర, తెలంగాణ కలిసి కొన్నేళ్లే అయిన రోజులవి. కొమురవ్వకు మొగడు లేడు, పిల్లలు లేరు. ఇంటి ముందర కొట్టు ఉండేది. పెండ్లిళ్లకు గుండిగలు, గంగాళాలు, జంపఖానాలు, తెల్ల దుప్పట్లు కిరాయికి ఇచ్చేది. తిరిగొచ్చిన ప్రతి దుప్పటినీ ఉతికించి, మడతల మధ్య వట్టివేళ్లు పెట్టి దాచేది. ఇక అనుమానమంటారా, అది ఆమెకు కొంగుముడి లాంటిది, ఎప్పుడూ విప్పదు. పాలవాడు వస్తే మొదటి గుక్క వాడితోనే తాగించేది. ఒకసారి మా ఆయన "అవ్వా, నీ చేతి పచ్చిపులుసు అమృతం" అంటే, గంటె పక్కన పెట్టి "కిరాయి ఆలస్యమైతదా?" అని అడిగింది! నాతో అనేది: "తిట్టెటోనితోని ఫికర్ లేదు లచ్చీ. పొగిడెటోడు వచ్చిననాడే కొట్టు తాళం చూసుకోవాలె."

ఇంత అనుమానపు మనిషికి ఒక మర్యాద ఉండేది. ఒక పెండ్లింట్లో అందరూ వెళ్లిపోయాక సామాను తేవడానికి ఆమె వెంట నేనూ పోయాను. జంపఖానా మీద ఎవరో ముసలాయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. కూలివాడు ఆయనను అటు దొర్లించి జంపఖానా లాగబోయాడు. కొమురవ్వ వాడి చేతి మీద చటుక్కున కొట్టింది. "మనిషి కింద బట్ట గుంజుతార్రా? లేచినంక తీస్కో." అవతల ఇంకో ఇంటివాళ్లు ఆ జంపఖానా కోసమే బండి కట్టుకొని నిలబడ్డారు. అయినా ముసలాయన లేచేదాకా మేము అరుగు మీదే కూర్చున్నాం.

ఆ ఎండాకాలం రఘునాథపల్లి నుంచి మా అమ్మను బస్సులో తెచ్చారు. టైఫాయిడు. మాకు దగ్గరలో అప్పట్లో ఒక చిన్న సర్కారు దవాఖాన ఉండేది. ఇప్పుడు కూలగొట్టారు, పేరు చెప్పి లాభం లేదు. ఇనుప మంచాలు, మంచాల మీద మేం తెచ్చుకున్న బొంతలు. దుప్పట్లు రావాలట, ఎప్పటినుంచో రావాలట. అక్కడి సిస్టరు మేరమ్మ మీద కొమురవ్వకు ఒకటే అనుమానం. "ఆమె సంచి చూసినవా, వచ్చేటప్పుడు పోయేటప్పుడు ఎట్ల ఉబ్బి ఉంటదో! దుప్పట్లు ఏడికి పోతానయో ఎవలన్న చెప్పాల్నా?"

అమ్మకు జ్వరం దిగకముందే ఒక సాయంత్రం మేరమ్మ తల వంచుకొని వచ్చింది.

"లచ్చమ్మా, అమ్మను రెండ్రోజులు ఇంటికి తీస్కపో. మళ్ల తీస్కరా."

"కూసోనే వస్తలేదు, ఎట్ల తీస్కపోను సిస్టరమ్మా? సూదిమందు ఎవరిస్తరు?"

"నా చేతుల లేదమ్మా. ఢిల్లీ నుంచి పార్లమెంటు మెంబర్ల కమిటీ వస్తాంది. దవాఖానలకు ఇచ్చిన పైసలు ఎట్ల ఖర్చయితానయి, జనానికి ఏం అందుతాంది అని చూస్తరట. లేవలేనోళ్లు రేపు వార్డుల కనపడొద్దని హెడ్ క్లర్కు చెప్పిండు."

ఏడ్చుకుంటూ ఇంటికొస్తే కొమురవ్వ కొట్టు ముందర ఆ హెడ్ క్లర్కే కూర్చొని చాయ తాగుతున్నాడు.

"కొమురవ్వ దుప్పట్లంటే మల్లెపూలే! ఊరంత చెప్తాండ్రు. ఉన్నయన్ని ఒక్క రోజుకు కావాలె."

"దవాఖానల పెండ్లి ఎవలది సారూ?"

"పెండ్లి కాదవ్వా, పెద్దమనుషులు వస్తాండ్రు."

"మరి మీయి ఏమైనయి?"

"ఉతుకుడుకు పోయినయి."

"అన్నీ ఒక్కసారే? ఏ చాకలి మోసుకపోయిండో గని, వాని భుజానికి దండం పెట్టాలె." అప్పుడే ఆమె నన్ను చూసింది. "ఏమైందే, కండ్లు అట్లున్నయి?"

క్లర్కు ఎదుటే చెప్పాను. ఆమె నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది. "ఇస్త సారూ. కిరాయి సుత ఒద్దు. గని పరిచేది నేనే, తీసేది నేనే. నా బట్ట మీద ఇంకొకల చెయ్యి పడొద్దు" అన్నది. ఆయన సంతోషంగా లేచిపోయాడు.

నిజం చెప్తున్నాను, ఆ క్షణం నాకు కొమురవ్వ మీదే అనుమానం పుట్టింది. నా తల్లిని బయటికి తోసేవాళ్లకు ఈమె ఊరికే దుప్పట్లిస్తున్నదేమిటి? సర్కారు పని ఏదో కుదుర్చుకున్నదా? ఆమె ఏమీ విడమరచి చెప్పలేదు. "అమ్మను కదిలియ్యకు. పొద్దుగాల నేనొస్త" అని లోపలికి పోయింది.

అన్నట్టే తెల్లవారి బండి మీద దుప్పట్లు తెచ్చింది. అందరికంటే ముందు మా అమ్మ మంచం దగ్గరికే వచ్చింది. అమ్మను పక్కకు ఒత్తిగిల్లించి బొంత తీసి, తెల్ల దుప్పటి పరిచి, మెల్లగా మళ్లీ పడుకోబెట్టింది. తర్వాత పంపించేయాలనుకున్న మిగతావాళ్ల దగ్గరికి పోయింది. క్లర్కు ఉరికి వచ్చాడు.

"అవ్వా, వీళ్లను పంపియ్యాలె! ఖాళీ మంచాల మీద పరువు."

"పంపుండ్రి సారూ. గని ఇప్పుడు నా దుప్పటి మీద పండుకున్నరు. మనిషి కింద బట్ట గుంజుడు మా కొట్టుల లేదు. లేచినంక పంపుండ్రి."

"ఇదేం లొల్లి! అయితే తీసెయ్ నీ దుప్పట్లు."

"తీస్తే అన్నీ తీస్త. బండి బయటనే ఉన్నది."

ఇంతలో గేటు దగ్గర జీపులు ఆగిన చప్పుడు. క్లర్కు గేటు వైపు ఉరికాడు.

తెల్లబట్టల పెద్దమనుషులు వరుసగా మంచాలు చూసుకుంటూ వచ్చారు. పెద్ద డాక్టరు ఇంగ్లీషులో ఏదో లెక్క అప్పజెప్తున్నాడు. వాళ్లలో ఒక ముసలాయన మా అమ్మ మంచం దగ్గర ఆగాడు. దుప్పటి కొస పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సర్కారు దవాఖానల ఖస్ ఖుష్బూనా!" అన్నాడు నవ్వుతూ, వట్టివేళ్లను ఉర్దూలో అలాగే అంటారు. ఎవరూ నవ్వలేదు. ఆయన మేరమ్మతో తెలుగులో అడిగించాడు: "అమ్మా, ఈ దుప్పటి రోజూ ఏస్తాండ్రా?"

అమ్మ నా వైపు చూసింది. అవునంటే రేపు దుప్పటీ పోతుంది, మంచమూ పోతుంది. కాదంటే ఈ పెద్దమనుషులు గేటు దాటగానే మమ్మల్ని బయటపెడతారు. గోడకు ఆనుకొని నిలబడ్డ కొమురవ్వ నెత్తి మీద కొంగు సవరించుకొని ముందుకొచ్చింది. వచ్చిన ఉర్దూలో మన మాట కలిపి అన్నది:

"సాబ్, ఆమెకు జ్వరం, నన్నడుగుండ్రి. గని నేనొకటి అడుగుత. మీరు చెప్పి వచ్చిండ్రా, చెప్పక వచ్చిండ్రా?"

"చెప్పే వచ్చినం. మా ఖాయిదా అదే."

"మా ఇండ్లల్ల సుత అంతే సాబ్. చుట్టాలు చెప్పి వస్తే పెండ్లి దుప్పటి పరుస్తం. చెప్పక వస్తే, మేం పండుకునే బొంతనే."

ముసలాయన దుప్పటి కొస మెల్లగా వదిలాడు. డాక్టరు వైపు తిరిగి "ఈ దుప్పటి రేపు కూడ ఇక్కడ ఉంటదా?" అన్నాడు.

"ఉంటది సార్."

"ఈమె?"

డాక్టరు క్లర్కును చూసి, అమ్మను చూసి, "నయమయ్యేదాకా ఉంటది సార్" అన్నాడు.

"అందరు విన్నరు కద?" అన్నది కొమురవ్వ.

ఇంటికి వస్తూ నేనన్నాను: "ఆ కమిటీ ఆయన మంచోడే కదవ్వా."

"మంచోడే. మంచోడు రాత్రి బండికి పోతడు. క్లర్కు ఈడనే ఉంటడు. మనం ఉన్నోన్ని చూసుకోవాలె."

చూసుకున్నది కూడా. ఒకనాడు పొద్దున, ఒకనాడు మిట్టమధ్యాహ్నం, ఎప్పుడు వస్తుందో ఎవరికీ చెప్పకుండా వార్డుకు పోయేది. పెండ్లివాళ్లు వచ్చి దుప్పట్లడిగితే "మనుషులు లేవలేదు" అని తిప్పి పంపేది. వాళ్లు వేరే కొట్టు వెతుక్కునేవాళ్లు. అలా ఆ ముహూర్తాలన్నీ పోగొట్టుకున్నది. అలా వార్డుకు పోయినప్పుడే ఒకసారి మేరమ్మ సంచి తెరిచి ఉండగా చూసింది. అందులో ఆమె సొంత పాత చీరలు, పసిపిల్లల కింద వేయడానికి చింపినవి. ఇంటి నుంచి అవి తెచ్చేది, మురికివి ఉతకడానికి తీసుకుపోయేది. కొమురవ్వ ఆనాడు అన్నం సరిగా తినలేదు. తెల్లారి గుప్పెడు వట్టివేళ్లు తీసుకుపోయి ఆ సంచిలో వేసి, మాట్లాడకుండా వచ్చింది.

అమ్మ గంజి తాగింది, లేచి కూర్చున్నది, నా భుజం పట్టుకొని గేటుదాకా నడిచింది. అప్పుడే కొమురవ్వ ఆ దుప్పటి తీసి మడిచింది. చాలా రోజులకు సర్కారు దుప్పట్లు వచ్చాయి. ఢిల్లీలో ఆ ముసలాయన అడిగితే వచ్చాయో, వాటంతటవే వచ్చాయో మాకెవరూ చెప్పలేదు. కొమురవ్వ ఒకటి ఎండకు ఎత్తి పట్టి చూసి, "దీంట్లకెళ్లి సూర్యుడు నన్నే చూస్తాండు" అన్నది. ఆ తర్వాత కూడా చెప్పకుండా పోవడం మానలేదు.

ఆమె చివరి రోజుల్లో, మా అమ్మ కింద పరిచిన ఆ దుప్పటి మీదే పడుకున్నది. శ్వాస ఇంకా ఆడుతుండగానే దూరపు చుట్టాలు కొట్టు సామాను పంచుకోను వచ్చారు. ఒకాయన దుప్పటి కొస మీద చెయ్యి వేశాడు. "మనిషి కింద బట్ట గుంజొద్దయ్యా" అన్నాను. అంతకుముందు మగవాళ్లకు ఎదురు చెప్పి ఎరుగను. ఆయన చెయ్యి తీశాడు. సందుగలో ఉన్నది ఆ దుప్పటే.

ఇప్పటికీ మనవాళ్లెవరు దవాఖానలో ఉన్నా నేను చెప్పకుండానే పోతాను. ముందు దుప్పటి కొస ఎత్తి చూస్తాను, తర్వాతే మనిషిని పలకరిస్తాను. నా కోడళ్లు నవ్వుతారు, నవ్వనీ.

ఇక లేవండి బిడ్డా, పొద్దుపోయింది. మీ ఇంటికి చెప్పి వచ్చినవాళ్లకు ఏ పక్క దొరుకుతుందో, చెప్పక వచ్చినవాళ్లకూ అదే దొరకాలి. మీ ఇంట్లో మంచాన పడ్డవాళ్లు తమంతట తాము లేచేదాకా వాళ్ల కింది బట్ట ఎవరూ లాగకుందురుగాక. మీ ఇల్లు చల్లగుండ.