మందు డబ్బా మీద రాసింది

అన్న పోయి ఏడు నెలలైంది. సౌదీ నుంచి తిరిగి వెళ్లాక, ఊళ్లో, నిద్రలో పోయాడు. ఆయన చదివింది మూడో తరగతి. నేను రియాద్‌లో, మలాజ్ అనే పేటలో ఉంటూ ఒక ఆఫీసులో కాగితాల పని చేస్తాను. చిన్నప్పటినుంచీ పుస్తకాలు చదివినవాణ్ణి.

అన్న రియాద్‌కు గంట దూరంలోని అల్ ఖర్జ్ దగ్గర ఒక ఖర్జూరం తోటలో పదకొండేళ్లు పని చేశాడు. అక్కడివాళ్లలాగే తోటను మజ్రా అనేవాడు. పోతుచెట్టు పూరెమ్మలు తెచ్చి ఆడచెట్టు పూగుత్తుల్లో కట్టడం, గెలలు పలచన చేయడం, మందు కొట్టడం ఆయన పనులు. లెక్క కోసం నడుముకు ఒక సన్నతాడు ఉండేది. చెట్టు మీద ఉంచిన ప్రతి గెలకూ ఒక ముడి, చెట్టు అయిపోతే జోడుముడి. సాయంత్రం ఆ తాడును తడుముతూ ఏ చెట్టుకు ఎన్ని గెలలో చెప్పేవాడు. ఎన్నడూ తప్పు పోలేదు.

తరవాత తోటలో ప్రతి పనివాడూ వారానికొక కాగితం ఇంగ్లిషులో నింపి ఇవ్వాలన్నారు. శుక్రవారం పొద్దున అన్న ఫోన్ చేసి తాడు చూసి చెప్పేవాడు, నేను రాసి పంపేవాణ్ణి. రెండేళ్లు అలా గడిచింది. మధ్యలో నేర్పబోయాను. అంకెలు తొందరగానే పట్టుకున్నాడు. అక్షరాల దగ్గర ఆగిపోయాడు. "నీ సదువు చెట్టెక్కదు తమ్మీ, ఎక్కేది నేనే" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. రాసివ్వడానికి నాకు పది నిమిషాలు పట్టేది, నేర్పడానికి గంట. శుక్రవారం నాకున్న ఒక్క సెలవు. అంతకంటే పెద్ద కారణం లేదు.

కిందటేడు ఆ తోట పండ్లు బయటి దేశాలకు పంపాలని నిర్ణయించారు. అందుకోసం కొత్త నియమం వచ్చింది. మందు కొట్టేవాడు డబ్బా మీది రాత తానే చదవాలి, రిజిస్టరులో తానే రాయాలి. చదవడం రానివాళ్లకు ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, మళ్లీ చేయరు, ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపుతారు. అన్న నాకు పరీక్షకు నెల ముందు చెప్పాడు. నాలుగు శుక్రవారాలు వెళ్లాను. తోటలో దొరికిన ఒక డబ్బా తీసుకుని, దాని మీది ఇంగ్లిషు వరసలు వేలు పెట్టి చదివించాను. నాలుగో శుక్రవారానికి ఆగకుండా చదివాడు. నాకు ధైర్యం వచ్చింది.

పరీక్ష పెట్టింది సూడాన్ నుంచి వచ్చిన ఇంజనీరు. ఓపికైన మనిషి. నన్ను తలుపు దగ్గర కుర్చీలో కూర్చోనిచ్చాడు, మాట్లాడొద్దన్నాడు. ముందు లెక్క అడిగాడు. వంద లీటర్ల నీళ్లకు యాభై మిల్లీలీటర్ల మందు, ట్యాంకు ఆరు వందల లీటర్లు, ఎంత పోయాలి? ఆయన అడగడం పూర్తికాకముందే అన్న మూడు వందలన్నాడు. ఇంజనీరు తలాడించి ఒక డబ్బా ముందు పెట్టాడు.

అది మేం చదివిన డబ్బా కాదు.

అన్న దాన్ని ఒక చుట్టు తిప్పి చూశాడు. మొదటి వరస మీద వేలు పెట్టాడు. మొదటి అక్షరం పలికాడు, రెండోదీ పలికాడు. వేలు అక్కడే ఆగింది. అప్పుడు నాకు అర్థమైంది. నాలుగు వారాలూ ఆయన చదవలేదు, విన్నది విన్నట్టు కంఠస్థం చేశాడు. నేను దాన్ని చదవడం అనుకున్నాను. కుర్చీలోంచి ఆ వరసలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఇంజనీరు చాలాసేపు ఆగాడు. చివరకు తల వంచుకుని కాగితం మీద చదవడం రాదని రాశాడు.

బయట ట్యాంకు నీడలో నిలబడ్డాం. అన్న అడిగాడు.

"దాని మీద ఏం రాసున్నదిరా?"

చెప్పాను. గాలి ఉన్నప్పుడు కొట్టకూడదు. పూత మీద కొట్టకూడదు. చేతులకు తొడుగులు వేసుకోవాలి. కొట్టాక ఇరవై ఒక్క రోజుల దాకా కాయ కోయకూడదు.

అన్న నా ముఖంలోకి చూశాడు.

"గంతేనా? గది నాకు ఎరుకే గద తమ్మీ."

నేను మళ్లీ లోపలికి వెళ్లాను. ఇవన్నీ మా అన్నకు తెలుసని, పదకొండేళ్లుగా చేస్తున్నది అదేనని ఇంజనీరుతో చెప్పాను. ఆయన కాదనలేదు. ఆ సంగతి తనకూ తెలుసన్నాడు. కాగితం మీద రాసింది మాత్రం కొట్టేయలేదు.