తడి బూట్లలో ఆటల పేజీ

టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూంలో నా ఎదురుగా ఒక పొడవాటి అమ్మాయి వానకు తడిసిన బూట్లు విప్పుతోంది. నా చేతిలోని తెలుగు పేపరు చూసి భగ్గుమంది.

“ఏటండీ ఇది? అమెరికా బాస్కెట్‌బాల్ టీము ఓడిపోతే పూరా పేజీ! మొన్న లీగు ఫైనల్ మేం గెలిసినాం. ఒక్క పేరైనా ఏసినారా?”

మూలన రెండు లైన్లున్నాయి: ‘మహిళల లీగు ఫైనల్ ముగిసింది.’ పేర్లు లేవు.

“చోటు చాలలేదేమోనమ్మా,” అన్నాను.

“మరి ఆ అమెరికా ఆటగాడి కొత్త బూట్ల ఫొటోకి చోటెలా వచ్చిందండీ?”

పేజీ లాక్కుని పరపరా చింపి, ఉండలు చుట్టి, తడి పీల్చడానికి తన బూట్లలో కుక్కింది.

నేను పనిచేసే ఆ పేపరు డెస్కులో నా ముందుకొచ్చినప్పుడు ఆ వార్తలో జట్టులోని పన్నెండు మంది పేర్లూ ఉన్నాయి. కొట్టేసింది నేనే.