బ్యాటరీ లేని కారులో వెలిగిన లైటు

ముందుగా ఒక అబద్ధాన్ని సరిచేయాలి. మా పాత కారులో ఒక నటి చనిపోయిందనీ, ఆమె ఆత్మ కారుని పట్టుకుందనీ, నేను హడలిపోయి శాంతి చేయించి కారు అమ్మేశాననీ ఫిల్మ్ నగర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా కారులో ఎవరూ చనిపోలేదు. నేను ఏ శాంతీ చేయించలేదు. కారు మా పోర్టికోలోనే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

నేను ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. దయ్యాలంటే నాకు భయమూ లేదు, ఆ కబుర్లు వినే ఓపికా లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

కారు మా మామగారిది. నల్లది, పాతకాలపు మోడల్. పాత కథల సినిమాలు తీసేవాళ్లు షూటింగులకి తీసుకెళ్లేవారు. నడిపేది మా డ్రైవరు యాదగిరి.

ఆ రోజు షూటింగ్ జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా ముందు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ముసలి తల్లి వెనకసీట్లో ప్రాణం వదిలే సీను. తల్లి వేషం రాజ్యం గారిది. మా వెనక వీధిలోనే ఉంటారు, నేను పిన్నిగారూ అని పిలుస్తాను.

సినిమావాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయినట్టు నటించినవాళ్లని షాట్ అవగానే లేపి, నవ్వమని, ఆ నవ్వుని కెమెరాతో తీస్తారు. తెర మీద చావు తెర మీదే చెల్లిపోవాలని. ఆ రోజు రీలు అయిపోయింది. కొత్తది ఎక్కించేలోపు వెలుతురు పోయింది. "నవ్వు తీయలేదు బాబూ" అని పిన్నిగారు అడుగుతూనే ఉన్నారు. "రేపు తీద్దాంలే అమ్మా" అన్నాడు మేనేజరు. మర్నాడు పొద్దున్నే యూనిట్ మొత్తం రాజమండ్రి వెళ్లిపోయింది.

ఆ పొద్దునే మా కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే.

తోసి స్టార్ట్ చేశాం. ఇంజను తిరుగుతుంటే ఆల్టర్నేటరు బ్యాటరీని మళ్లీ నింపుతుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. మర్నాడూ అదే కథ. యాదగిరి ఆల్టర్నేటర్ని ఇప్పటికీ డైనమో అనే అంటాడు. "డైనమో ఖతమైంది మేడమ్" అని తీర్పు చెప్పాడు. కాలేజీ ల్యాబు నుంచి మీటరు తెచ్చి చూశాను. ఇంజను తిరుగుతుంటే పద్నాలుగు వోల్టులు. బెల్టు బిగువుగానే ఉంది. ఆల్టర్నేటరు శుభ్రంగా పనిచేస్తోంది. అయినా తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

ఆగి ఉన్న కారులో కరెంటు ఎక్కడైనా కారిపోతోందేమోనని బ్యాటరీ వైరు ఒకటి విప్పి మధ్యలో మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు. టెర్మినళ్లకి పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగాను. కొత్త బ్యాటరీ కొన్నాను. అదీ తెల్లారేసరికి ఖాళీ.

చివరికి రెండు వైర్లూ విప్పేసి, బ్యాటరీని కారులోనే దాని చోట వదిలేశాను. వైర్లే లేకపోతే కరెంటు పోవడానికి దారి లేదు. పొద్దున చూస్తే ఖాళీ! అదే బ్యాటరీని ఛార్జి చేయించి వరండాలో పెడితే వారమైనా నిండుగా ఉంది. కింద చెక్క వేసి మళ్లీ కారులో పెడితే, మళ్లీ ఖాళీ. ఇది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"మేడమ్, నేనొకటి జెప్త. మీరు తిడ్తరు" అన్నాడు యాదగిరి.

"చెప్పకపోయినా తిడతాను. చెప్పు."

"ఆ అమ్మ నవ్వు తియ్యలే గదా. గందుకే ఇది గిట్ల జేస్తుంది."

"కారుకి సినిమా ఆనవాయితీలు ఎవరు నేర్పారు, నువ్వేనా?"

"మీకు మజాక్ లెక్కనే ఉంటది. ఆమె అన్నం ముడ్తలేదంట, జర పోయి చూడుండ్రి."

వెళ్లి చూశాను. మనిషి సగమయ్యారు. డాక్టరు ఏ జబ్బూ లేదన్నాడట. వచ్చిన వేషాలు వద్దని పంపేశారు. "నన్ను చంపేసి వెళ్లిపోయారమ్మాయ్. లేపడం మర్చిపోయారు" అన్నారు పడుకునే.

ఆవిడ నమ్మకం నాది కాదు. కానీ ఆవిడ కరిగిపోవడం నా కళ్లెదుటే జరుగుతోంది. ఇంకో నెల గడిస్తే మనిషి దక్కదని నాకే అనిపించింది. యూనిట్ తిరిగొచ్చిన రోజే మేనేజరు ఆఫీసుకి వెళ్లి దులిపేశాను. "మీకు రెండడుగుల ఫిలిం బరువైపోయిందా, ఆవిడ ప్రాణం తేలికైపోయిందా?" అని అడిగాను. ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక కెమెరా అసిస్టెంటుని మిగులు రీలుతో మా ఇంటికి పంపాడు.

కారు కదలదు కాబట్టి షాట్ మా పోర్టికోలోనే. బ్యాటరీని నా చేతులతోనే తీసి వరండాలో పెట్టి ఉంచాను. ఇది గుర్తుపెట్టుకోండి. పిన్నిగారిని యాదగిరి చెయ్యి పట్టుకుని తెచ్చి వెనకసీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ ఆ రోజులాగే తల వాల్చి కళ్లు మూశారు. కెమెరా తిరిగింది. ఆవిడ కళ్లు తెరిచి లేచారు.

కారు లోపల పైకప్పు లైటు వెలిగింది.

"మేడమ్, ఆ లైటు ఆపించండి, మొహం మీద పడుతోంది" అన్నాడు అసిస్టెంటు చిరాగ్గా. నేను వరండా వైపు చూశాను. బ్యాటరీ అక్కడే ఉంది.

పిన్నిగారు కెమెరా వంక చూడలేదు. పక్కకి తిరిగి, ఖాళీ సీటుతో, "ఇంకేం, ఇక్కడ దిగు తల్లీ" అన్నారు. బస్సులో పక్కనున్న చిన్నపిల్లకి స్టాపు వచ్చిందని చెప్పినంత మామూలుగా. ఆ తర్వాత మా వైపు తిరిగి నవ్వారు. లైటు ఆరిపోయింది.

అద్దం మీద ఎండ తళుక్కుమని ఉంటుందని మా కాలేజీలో ఒకాయన తేల్చేశారు. ఎండ తళుక్కుమంటే బల్బు కాలదండీ. ఆరిన మరుక్షణం నేను ముట్టుకున్నాను, వేలు చురుక్కుమంది. ఫిలిం చూపించమంటారా? సినిమాలో వాడే ముక్క కాదు కదా అని దాన్ని కడగడానికి ల్యాబుకే పంపలేదట.

ఆ సాయంత్రం పిన్నిగారు మా ఇంట్లో పప్పుచారుతో రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. నెల తిరిగేసరికి మళ్లీ వేషాలు వేశారు. బ్యాటరీ కారులో పెడితే మొదటి తాళానికే స్టార్ట్ అయింది. మళ్లీ ఏనాడూ తెల్లారేసరికి ఖాళీ అవలేదు. ఎందుకో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

ఎవరితో మాట్లాడారని పిన్నిగారిని చాలాసార్లు అడిగాను. "నేనేమన్నానమ్మాయ్? ఏమీ అనలేదే" అంటారు. కానీ ఆ సాయంత్రం భోజనం తర్వాత ఆవిడ మళ్లీ మా గడప తొక్కలేదు. ఎంత పిలిచినా గేటు బయటే నిలబడి, నా భుజం మీదుగా మా ఇంట్లోకి చూస్తూ మాట్లాడి వెళ్లిపోతారు.

లైటు ఎలా వెలిగిందని ఇప్పుడు నేనెవరినీ అడగను. నాకు ఒక్కదానికే జవాబు కావాలి. ఆ రోజు కారు రోడ్డు మీద లేదు, మా గుమ్మం ముందు ఉంది. పిన్నిగారు దిగమన్నది ఎవరినైనా సరే, దిగిన ఆ మనిషి గేటు దాటి బయటికి వెళ్లిందా, గుమ్మం దాటి లోపలికి వచ్చిందా?