వేళ్ళతో సహా పీకిన మిరపమొక్క

ఎనభైల్లో, నేను వ్యవసాయ డిగ్రీ చదువుతున్న రోజులు. మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న ముసలి రైతు ఒళ్ళో, వేళ్ళకు తడిగోనె చుట్టిన మిరపమొక్క ఉంది.

“చేనంతా ముడత తెగులొచ్చి పోయింది బాబూ. ఇదొక్కటే చెక్కుచెదరలా. వ్యవసాయాఫీసరుకు చూపిద్దామని పీక్కొచ్చా.”

తెగులును తట్టుకునే గుణం ఆ మొక్క విత్తనాలకు వచ్చేదేమో. కాయలింకా పచ్చివే, విత్తనం ముదరలేదు.

“పండేదాకా ఆగాల్సింది తాతా.”

“ఉత్త చేతుల్తో పోయి చెబితే నమ్ముతారా?”

రెంటచింతల ఎండకు ఆకులు వాలిపోయాయి. తాగే నీళ్ళు గోనె మీద పోస్తూ ఆయన అడిగాడు.

“మళ్ళీ నాటితే బతుకుద్దా?”

బతకదని తెలిసీ, “బతుకుద్ది,” అన్నాను.

తెగులును తట్టుకున్న మొక్క కనిపిస్తే ఏం చేస్తారని ఇప్పుడు ఏటా నా క్లాసులో అడుగుతాను.

“పీకి తెచ్చి మీకు చూపిస్తాం సార్.”

మళ్ళీ నా మోచేతికి ఆ బస్సులోని తడిగోనె తగులుతుంది.