తైబుర్ భాయ్‌కి ఆటలమ్మ పోసిన వైనం

సింగపూర్‌లో మా డార్మిటరీ గదిలో ఉండేవాళ్ళమంతా బంగ్లాదేశ్ వాళ్ళమే. అందరిలోకీ పెద్దవాడు తైబుర్ భాయ్. బారిసాల్ మనిషి, పరంజీలు కట్టడంలో మొనగాడు. ఆయనకి తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఏ సూపర్‌వైజర్ని ఎలా మంచి చేసుకోవాలో, కడుపునొప్పికి ఏం మింగాలో అడక్కుండానే చెప్పేవాడు. మేమూ బుద్ధిగా వినేవాళ్ళం. వండిపెట్టేది ఆయనే మరి.

కింది అంతస్తులో ఒక తమిళ వెల్డరుకి ఆటలమ్మ పోసింది. నర్సు వచ్చి, ఇదివరకు రానివాళ్ళందరూ టీకా వేయించుకోవాలంది. మేం చొక్కా చేతులు పైకి మడిచి వరసలో నిలబడ్డాం. తైబుర్ భాయ్ మంచం దిగలేదు.

"నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది. ఇదిగో గుర్తు" అని కనుబొమ పక్కన గుంట చూపించాడు.

అయినా రక్తపరీక్ష చేయించుకోమంది ఆవిడ. ఆదివారం వస్తానన్నాడు. ఆదివారమంతా ఎండుచేపల పచ్చడి నూరుతూ కూర్చున్నాడు.

కొన్నాళ్ళకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. పొట్ట మీద పొక్కులు లేస్తే దోమలన్నాడు. వీపు మీద లేస్తే చెమటకాయలన్నాడు. మొహమంతా కమ్మేశాక, పక్క మంచం సెలీం మెల్లగా, "భాయ్, ఈ దోమలకి మీరంటే బాగా ఇష్టంలా ఉంది" అన్నాడు.

ఆయన్ని విడిగా ఒక గదిలో ఉంచారు. మేం వండి గుమ్మం దగ్గర పెట్టి వస్తుంటే, పప్పు నీళ్ళలా ఉందని ఫోన్‌లో తిట్టేవాడు. తర్వాత తిట్లు తగ్గాయి. గొంతులో కూడా పొక్కులు లేచాయట.

కొడుకు ఫోన్ ఎత్తడం లేదని తైబుర్ భాయ్ వాళ్ళమ్మ నాకు చేసింది. భాయ్‌కి ఆటలమ్మ రెండోసారి పోసిందని చెప్పాను.

"రెండోసారేంటి నాయనా? అప్పుడు పోసింది వాడి అన్నకి. వీణ్ణి నేను మా పుట్టింటికి పంపేశాను."

మరి ఆ గుంట సంగతేమిటని అడిగాను. బాతుగుడ్లు కాజేయబోయి పడవ అంచుకి కొట్టుకున్నాడట. స్పీకర్‌లో వింటున్న గదంతా పగలబడి నవ్వింది. "ఇప్పుడు వాడికి ఎలా ఉంది?" అని ఆవిడ అడిగితే, డాక్టర్లు చూస్తున్నారని మాత్రం చెప్పాను. ఆ పొద్దున్నే దగ్గు ఎక్కువై ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పెద్దయ్యాక వస్తే ఊపిరితిత్తులకీ పాకుతుందని అక్కడి డాక్టరు చెప్పాడు.

కోలుకుని, సగమై తిరిగొచ్చాడు. అన్నం ముందు కూర్చోగానే సెలీం ఆగలేకపోయాడు. "భాయ్, మీ అన్నగారి ఆటలమ్మ తగ్గిందా?"

తైబుర్ భాయ్ అన్నం కలుపుతూ, "ఇంట్లో ఎప్పుడూ ఆ మాటే చెప్పుకునేవాళ్ళురా. వినీ వినీ నాకే వచ్చిందనుకున్నా" అన్నాడు. ఆ తర్వాత ఆయనే నవ్వేశాడు.

మొన్న రంగ్‌పూర్ నుంచి కొత్తవాళ్ళు దిగితే, టీకాలకి తనే వెంటబెట్టుకెళ్ళాడు. ఒకతను తనకి చిన్నప్పుడే వచ్చిందన్నాడు. తైబుర్ భాయ్ కళ్ళు మెరిశాయి.

"ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి."

ఆవిడ నిజమేనంది. వీడికే, ఒళ్ళంతా, వేపాకుల మీద పడుకోబెట్టామంది. భాయ్ మొహం చిన్నబోయింది. అయినా ఊరుకోకుండా, అతన్ని రక్తపరీక్షకి లాక్కెళ్ళాడు.