తాతయ్యకు పెట్టిన పరీక్ష

పోయిన గురువారం పొద్దున్నే బాపట్ల నుంచి మామయ్య ఫోన్ చేశాడు. “తాతయ్య పోయారమ్మా. ఒకరకంగా మంచిదేలే, మనిషి పోయి నాలుగేళ్లయింది కదా” అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్ల కిందట పోయిన మనిషి పోయినేడాది దాకా నాకు ఉత్తరాలెలా రాశారు?

మా తాతయ్య లెక్కల మాస్టారు. మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పిన వారంలోనే కట్టెడు పోస్టుకార్డులు తెప్పించుకుని, అన్నిటిమీదా ముందే నా చిరునామా రాసి పెట్టుకున్నారు. అప్పుడే నాకు తెనాలిలో టీచరు ఉద్యోగం వచ్చింది. “తెలిసిందంతా నీకు రాసేస్తాను, తర్వాత నాకుండదు” అన్నది మొదటి కార్డు. తర్వాతవన్నీ పాఠాలే. సుద్దముక్క విరిచి రాస్తే కీచుమనదు. వెనకబెంచీలో కూర్చుని బోర్డు కనిపిస్తుందో లేదో నువ్వే చూసుకో. ఒకే సంగతి మూడేసి కార్డుల్లో వచ్చేది. మూడుసార్లూ చదివాను, తప్పేంటి? ఈ రోజు నేను క్లాసులో నిలబడగలుగుతున్నానంటే ఆ కార్డుల చలవే.

అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసింది ఇది: “జవాబు రాదని తెలిసీ పిల్లవాణ్ని నలుగురిలో అడగకు. వాడు ఇంటికెళ్లి అన్నం తినడు. దగ్గరికెళ్లి నువ్వే చెప్పు.”

అలాంటి మనిషిని మా చుట్టాలు ఏం చేశారు? సూర్యలంక బీచికి షికారు వెళ్లొస్తూ బాపట్లలో తాతయ్య ఇంట్లో దిగేవాళ్లు. టిఫిన్లు తినేసి ఆయన కుర్చీ చుట్టూ మూగేవాళ్లు. “మాస్టారూ, నేనెవర్నో చెప్పుకోండి చూద్దాం!” ఆయన తడుముకుంటే ఒకటే నవ్వులు. రేపల్లె పిన్నయితే ఫోన్లో వీడియో కూడా తీసింది. ఇదేంటి పిన్నీ అంటే, “సరదాకేనే, ఆయనకేం తెలుస్తుంది!” అంది. సిగ్గుండొద్దూ? ఎవరి పేరు వాళ్లు చెప్పుకుని కూర్చుంటే ఏం పోయింది?

ఇంత అరుస్తున్నాను గానీ, నేనేం తక్కువ తినలేదు. పోయిన వేసవిలో చుట్టాలెవరినీ ఆయన పోల్చుకోలేకపోయారు. నన్ను మాత్రం గుర్తుపడతారని నాకు పొగరు. ఉత్తరాలన్నీ నాకే కదా రాశారు! అందరి ముందూ అడిగాను.

“తాతయ్యా, నేనెవర్ని?”

చాలాసేపు నా మొహంలోకి చూశారు. నవ్వబోయి ఆగిపోయారు. కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“రాదు టీచర్” అన్నారు.

గదిలో ఎవరూ నవ్వలేదు. “కూర్చోండి తాతయ్యా, కూర్చోండి” అని బతిమాలుతూనే ఉన్నాను. ఆయన తల వంచుకుని అలాగే నిలబడ్డారు, కట్టుకున్న చేతులు విప్పకుండా.